నేల కుంగుతోంది, నీరు కాగుతోంది: అమెరికన్ సమోవాకు కావాల్సింది ఎడతెగని కొలత

1917లో ఆల్‌ఫ్రెడ్ మేయర్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త పసిఫిక్ మహాసముద్రంలో, అమెరికన్ సమోవాకు చెందిన టుటుయిలా దీవిలో పని మొదలుపెట్టాడు. అక్కడి పాంగో పాంగో రేవులో ఔవా అనే పల్లె ఉంది. ఆ పల్లె ముందు, ఒడ్డు నుంచి పగడపు దిబ్బ అంచు దాకా తిన్నగా ఒక గీత అనుకుని, దాని వెంట అక్కడక్కడ చదరాలు కట్టి, ఒక్కో చదరంలో ఏ జాతి పగడం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. నీళ్లలో వంగి చూడడం, రాసుకోవడం, మళ్లీ చూడడం, అంతే పని. ఆ గీత ఎక్కడుందో తర్వాతివాళ్లకు దొరికేలా వివరాలు కూడా రాసిపెట్టాడు. 1973లో మరికొందరు వచ్చి అదే గీత మీద మళ్లీ లెక్కపెట్టారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు లెక్కపెట్టారు. ఒకే చోట ఇంత కాలంగా కొలుస్తూ వచ్చిన పగడపు దిబ్బలు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు.

ఆ గీత చెప్పే కథ ఏకబిగిన సాగే విషాదం కాదు. మేయర్ చూసినప్పుడు అక్కడ పగడాలు దట్టంగా ఉండేవి. తర్వాతి దశాబ్దాల్లో రేవును తవ్వారు, ఒడ్డును మట్టితో పూడ్చి విస్తరించారు. 1950లు, 60లలో ట్యూనా చేపల డబ్బా ఫ్యాక్టరీలు వచ్చాయి. చేపలు కడిగిన నీళ్లు, నెత్తురు, నూనె అన్నీ మూసుకున్నట్టుండే ఆ రేవులోకే పోయేవి. 1970ల నాటికి గీత మీద పగడాలు దారుణంగా తగ్గిపోయాయి. 1990ల మొదట్లో వ్యర్థాల పైపును రేవు బయటి వైపుకు పొడిగించారు, చిక్కటి వ్యర్థాన్ని పడవల్లో బయటి సముద్రానికి తరలించారు. నీరు తేటపడింది. దిబ్బ అంచున, అలలు తగిలే చోట, పగడాలు మళ్లీ మొలకెత్తాయి. కానీ ఒడ్డుకు దగ్గరగా ఉన్న చదునైన భాగంలో రాలేదు. అక్కడ నేలంతా విరిగిన పగడపు ముక్కలు, కదిలే గులకలు. పగడపు పిల్ల అతుక్కోవాలంటే కదలని రాయి కావాలి. అల వచ్చినప్పుడల్లా దొర్లే ముక్క మీద అది బతకదు.

ఈ చిన్న తేడాలోనే పెద్ద సంగతి ఉంది. నీటి మురికి ఒక జబ్బు, నేల చెదిరిపోవడం ఇంకో జబ్బు. మొదటిది బాగుచేస్తే కొంత భాగం కోలుకుంది, రెండోది అలాగే ఉంది. 1917 నాటి లెక్క చేతిలో లేకపోతే ఈ రెండిటినీ విడదీసి చెప్పడం చాలా కష్టమయ్యేది. అమెరికన్ సమోవా ఎదుర్కొంటున్న పర్యావరణ సమస్యల్లో దాదాపు ప్రతిదానికీ ఇదే తంటా. పైనుంచి చూస్తే అన్నిటికీ ఒకటే రూపం: పోయిన పగడం, కోసుకుపోయిన ఒడ్డు. కారణాలు మాత్రం వేరు. వాటిని విడదీయాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి కొలవాలి.

ఈ దీవులు భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 14 డిగ్రీల దగ్గర, హవాయికి 4 వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. టుటుయిలా, ఔనూ, ఓఫు, ఒలొసేంగ, తాఊ అనే ఐదు అగ్నిపర్వత దీవులు, రోజ్, స్వెయిన్స్ అనే రెండు పగడపు వలయాలు. నేల మొత్తం కలిపితే 200 చదరపు కిలోమీటర్ల లోపే. గ్రేటర్ హైదరాబాద్ పాత హద్దుల్లో మూడో వంతుకు కూడా రాదు. కానీ చుట్టూ ఈ దీవుల కింద లెక్కకు వచ్చే సముద్రం దాదాపు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. 1900లో టుటుయిలా పెద్దలు, 1904లో మనుఆ దీవుల (ఓఫు, ఒలొసేంగ, తాఊ) పెద్దలు పత్రాలు రాసిచ్చి అమెరికా ఏలుబడిలోకి వచ్చారు. ఇక్కడ పుట్టినవాళ్లు నేటికీ చట్టం దృష్టిలో అమెరికా జాతీయులే, పుట్టుకతో పౌరులు కారు. 2010లో 55,519గా ఉన్న జనాభా 2020 లెక్కల్లో 49,710కి తగ్గింది. మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ అంత జనం, ఒక పెద్ద రాష్ట్రాన్ని మించిన సముద్రం.

ముందుగా చెప్పుకోవాల్సింది కుంగిపోతున్న నేల గురించి. 2009 సెప్టెంబరు 29 ఉదయం టోంగా అగాధానికి దగ్గర్లో 8.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొద్ది నిమిషాల్లోనే సునామీ టుటుయిలా తీరాన్ని తాకింది. అమెరికన్ సమోవాలో 34 మంది చనిపోయారు. పక్కనే ఉన్న స్వతంత్ర సమోవాలో, టోంగాలో చనిపోయినవాళ్లనూ కలిపితే 190 మందికి పైనే. శిథిలాలు ఎత్తేశారు, ఇళ్లు కట్టుకున్నారు. అయితే భూకంపం అక్కడితో ఆగలేదు. అంత పెద్ద విరుపు వచ్చినప్పుడు పైనున్న గట్టి పలక ఒక్కసారిగా కదులుతుంది. కిందున్న వేడి రాతిపొర మాత్రం గట్టి పాకంలాగా మెల్లమెల్లగా, ఏళ్ల తరబడి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటులో పైనున్న దీవులు కిందికి దిగుతున్నాయి.

ఈ సంగతి ఎలా తెలిసింది? పాంగో పాంగో రేవులో 1948 నుంచి సముద్ర మట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ ఉంది. జీపీఎస్ స్టేషన్లు నేల ఎత్తును చెబుతాయి. భూమి గురుత్వంలో సూక్ష్మమైన మార్పులను పట్టే ఉపగ్రహాలు లోపలి రాతి కదలికను చెబుతాయి. 2019లో వచ్చిన ఒక అధ్యయనం ఈ మూడిటినీ కలిపి చూసింది. భూకంపం తర్వాత సమోవా దీవులు ఏడాదికి 8 నుంచి 16 మిల్లీమీటర్ల చొప్పున కుంగుతున్నాయని తేల్చింది. అంతకుముందు అర్ధ శతాబ్దం పాటు ఇక్కడ సముద్రం ఏటా 2, 3 మిల్లీమీటర్లే పెరిగేది. ఇప్పుడు టుటుయిలాలో నేలతో పోల్చి చూస్తే నీరు లేచే వేగం ప్రపంచ సగటుకు ఐదింతలు. కుంగుబాటు వల్లనే రానున్న దశాబ్దాల్లో 30 నుంచి 40 సెంటీమీటర్ల దాకా నీరు పైకి రావచ్చని ఆ అధ్యయనం అంచనా. వాతావరణ మార్పు వల్ల పెరిగేది దీనికి అదనం.

40 సెంటీమీటర్లంటే మోకాలికి కాస్త కింద. టుటుయిలాలో కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. చదును నేల సన్నటి అంచులాగా తీరం వెంటే ఉంటుంది. ఊళ్లు, బడులు, చర్చిలు, ప్రధాన రోడ్డు, రన్‌వే అన్నీ ఆ అంచు మీదనే. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో నీరు రోడ్డు మీదికి వస్తుంది, మురుగు కాలువలు వెనక్కి తన్నుతాయి. ఊరు వెనక్కి జరగాలంటే వెనక కొండే. పైగా నేలలో ఎక్కువ భాగం కుటుంబాల ఉమ్మడి ఆస్తి. మతాయి అనే కుటుంబ పెద్ద మాట మీద అది నడుస్తుంది. తాతముత్తాతల సమాధులు ఇంటి ముందే ఉంటాయి. ‘ఇంకో చోట స్థలమిస్తాం, ఖాళీ చేయండి’ అనే మాట అక్కడ ఎంత బరువైందో పోలవరం ముంపు గ్రామాల సంగతి తెలిసిన తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

సముద్రశాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న ఇక్కడే వస్తుంది. తీరాన్ని అలల నుంచి కాపాడుతున్నది పగడపు దిబ్బే. పెద్ద అల దిబ్బ అంచున విరిగి, బలం పోగొట్టుకుని ఒడ్డుకు చేరుతుంది. దిబ్బ మీద నీరు లోతయ్యే కొద్దీ ఆ విరుపు తగ్గుతుంది. నేల కుంగే వేగానికి సమానంగా దిబ్బ పైకి పెరగగలదా? ఆరోగ్యంగా ఉంటే పగడం కొంతవరకు పెరుగుతుంది. మట్టి పడి, వేడి తగిలి, పురుగు కొట్టినట్టున్న దిబ్బ పెరగదు, అరిగిపోతుంది. ఏ పల్లె ముందున్న దిబ్బ పెరుగుతోంది, ఏది అరుగుతోంది అనేది పల్లె పల్లెకూ కొలవాలి. ఎక్కడ గోడ కట్టాలి, ఎక్కడ రోడ్డు ఎత్తాలి, ఎక్కడ డబ్బు పెట్టడం దండగ అనేది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

మట్టి సంగతికి ఫాంగఆలు లోయ మంచి ఉదాహరణ. రేవు ముఖద్వారం దగ్గరున్న చిన్న లోయ ఇది. పాంగో పాంగోలో ఏడాదికి 3 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. రేవుకు ఎదురుగా ఉన్న కొండను వాన కురిపించే కొండ అనే పిలుస్తారు. గట్టి జల్లు పడితే చాలు, వాగు ఎర్రగా దూకుతుంది. ఆ ఎర్రనీరు కాసేపట్లోనే దిబ్బ మీద మబ్బులా పరుచుకుంటుంది. పగడం కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు ఉంటాయి. ఎండలో అవి ఆహారం వండుతాయి, పగడానికి పెడతాయి. మట్టి కప్పితే ఎండ అందదు. పైగా పడ్డ మట్టిని జిగురుతో తోసేయడానికే పగడానికి ఉన్న శక్తంతా అయిపోతుంది.

ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోంది? ఊరి ఇళ్ల నుంచా, కొండ మీద తోటల నుంచా, లోయలో ఉన్న కంకర క్వారీ నుంచా? ఎవరిని అడిగితే వాళ్లు పక్కవాళ్లను చూపిస్తారు. పరిశోధకులు వాగు వెంట పైన, మధ్యలో, కింద నీళ్లు పట్టి, ప్రతి గాలివానకూ మట్టిని తూచారు. మనుషుల పనుల వల్ల దిబ్బకు చేరే మట్టి సహజంగా వచ్చేదానికి దాదాపు నాలుగు రెట్లయిందని తేలింది. లోయ విస్తీర్ణంలో నూటికి ఒక వంతున్న క్వారీ ఒక్కటే మొత్తం మట్టిలో మూడో వంతుకు పైగా పంపుతోంది. 2012లో ఈ లోయను అమెరికా పగడాల సంరక్షణలో ప్రాధాన్య ప్రాంతంగా ఎంచుకున్నారు. క్వారీ దగ్గర నీటిని నిలిపి మట్టిని కిందికి దింపే గుంటలు కట్టారు. మట్టి తగ్గింది. కొలిచారు కాబట్టి ఎవరి మీదా నింద మోపకుండా, అసలు చోట పని జరిగింది. పర్యావరణ పనుల్లో ఇంత సూటిగా కుదిరినవి అరుదు. టుటుయిలాలోని మిగతా వాగులకు ఇలాంటి లెక్క అవసరం చాలా ఉంది. వాటిలో పందుల కొట్టాల మురుగు, సెప్టిక్ ట్యాంకుల ఊట కూడా కలుస్తాయి.

మట్టికీ ముళ్ల కిరీటం నక్షత్ర చేపకూ సంబంధం ఉందన్న ఆలోచనకు ఈ దీవుల అనుభవమూ తోడ్పడింది. సమోవా భాషలో దాన్ని అలామెయా అంటారు. పళ్లెమంత, ఒంటి నిండా విషపు ముళ్లు. పగడం మీదెక్కి, కడుపును బయటికి తెచ్చి పరిచి, పగడపు కండను జీర్ణం చేసుకుని, తెల్లటి సున్నపు ఎముకను మిగిల్చి ముందుకు పోతుంది. ఒకటీ అరా ఉంటే దిబ్బకు మంచిదే, వేగంగా పెరిగే పగడాలను అదుపులో పెడుతుంది. లక్షల్లో వచ్చిపడితే దిబ్బ మిగలదు. 1978లో టుటుయిలా చుట్టూ అలా వచ్చిపడి పగడాలను ఊడ్చేసింది. చార్లెస్ బర్కిలండ్ అనే శాస్త్రవేత్త 1982లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. ఎత్తైన కొండలున్న దీవుల్లో ఎండాకాలం తర్వాత భారీ వానలు పడితే, కొట్టుకొచ్చిన పోషకాలతో సముద్రంలో సూక్ష్మ నాచు పెరుగుతుంది. దాన్ని తిని నక్షత్ర చేప పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. మూడేళ్లకు అవి పెద్దవై ఒకేసారి దిబ్బ మీద కనిపిస్తాయి. కొండలు లేని పగడపు వలయాల్లో ఈ ముప్పు తక్కువగా రావడం ఆయన వాదనకు బలం. అన్ని చోట్లా ఇదే కారణమా అనే చర్చ ఇంకా సాగుతోంది.

2011 తర్వాత టుటుయిలాకు మళ్లీ అదే బెడద వచ్చింది. ఈసారి నేషనల్ పార్క్ డైవర్లు నీళ్లలోకి దిగి ఒక్కొక్కదాన్నీ చంపారు. పాత పద్ధతిలో ఒక్కో చేపకు చాలా చోట్ల రసాయనం సూదిలా గుచ్చాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో ఎద్దు పైత్యరసం పొడిని నీళ్లలో కలిపి ఒక్క సూది వేస్తే చాలు. కొవ్వును కరిగించే ఆ రసం దాని కణాల పొరలనే కరిగిస్తుంది. ఒకట్రెండు రోజుల్లో అది చచ్చిపోతుంది, చుట్టూ ఉన్న జీవాలకు హాని జరగదు. అలా పాతికవేలకు పైగా చంపారు. చేతికి ఏ ముల్లూ గుచ్చుకోకుండా, అలల్లో ఊగుతూ, పగడాల సందుల్లో వెతికి వెతికి చేసిన పని అది. దీవులు వాళ్లకు రుణపడి ఉన్నాయి. అయితే ముందుగానే పిల్లలు పెరుగుతున్నాయని పసిగట్టే ఏర్పాటు ఉంటే ఇంత చాకిరీ తప్పేది. వాన లెక్క, వాగు నీటిలో పోషకాల లెక్క, సముద్రంలో లార్వాల (నక్షత్ర చేప పసి పిల్లల) లెక్క, మూడిటినీ ఒక్కచోట పెట్టి చూసే మనుషులు కావాలి.

వేడి సంగతి వేరు. దాన్ని దీవి తనంతట తాను ఆపలేదు. 1994, 2002, 2003, 2015లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. నీరు మామూలు వేసవి వేడిని ఒక డిగ్రీ దాటి వారాల తరబడి ఉంటే, పగడం తనలోని నాచును వెళ్లగొడుతుంది. వంట చేసి పెట్టేవాళ్లను ఇంట్లోంచి గెంటేసినట్టు. వేడి త్వరగా తగ్గితే మళ్లీ రంగు వస్తుంది, లేకపోతే ఆకలితో చస్తుంది.

కానీ ఇక్కడే, ఓఫు దీవి దక్షిణ తీరంలో, ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలను రప్పించిన ఒక వింత ఉంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య లోతు తక్కువ మడుగులు. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే వాటిలో నీరు చిక్కుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆ నీరు 34 డిగ్రీలు దాటుతుంది. ఒక్క రోజులోనే 6 డిగ్రీల దాకా తేడా వస్తుంది. మామూలుగా 30 డిగ్రీల దగ్గరే పగడాలకు టెన్షన్ మొదలవుతుంది. ఆ మడుగుల్లో పగడాలు మాత్రం రంగు చెదరకుండా, కొమ్మలు విరబూసి ఉన్నాయి. పక్కనే ఇంకో మడుగులో అవే జాతులున్నాయి, అక్కడ వేడి అంతగా పెరగదు.

స్టీఫెన్ పలుంబి అనే శాస్త్రవేత్త బృందం రెండు మడుగుల పగడాల ముక్కలను అటూ ఇటూ మార్చి నాటింది. చల్లటి మడుగు పగడం వేడి మడుగులోకి వెళ్లాక రెండేళ్లలోపే కొంత వేడిని తట్టుకోవడం నేర్చుకుంది. కానీ అక్కడే పుట్టి పెరిగినవాటి అంత గట్టిపడలేదు. అంటే వేడిని ఓర్చుకోవడంలో కొంత అలవాటు, కొంత వంశం. 2014లో వెలువడిన ఈ ఫలితం మీద చాలా ఆశలు పెట్టుకున్నారు: గట్టి పగడాలను గుర్తించి, దెబ్బతిన్న దిబ్బల మీద నాటవచ్చని. ఆశ మంచిదే. అయితే ఓఫు మడుగులో బతికినంత మాత్రాన మురికి, మట్టి ఉన్న రేవులో బతుకుతుందని చెప్పలేం. వేడిని తట్టుకునే పగడం పెరుగుదలలో వెనకబడుతుందా అనేది కూడా తేలాలి. అంతకన్నా ముందు, ఆ మడుగులను కాపాడే దిబ్బ గోడ మీద నేల కుంగి నీరు లోతైతే, ఆటు వేళ నీరు చిక్కుకోవడమే మానేయవచ్చు. నేల కుంగడం, నీరు వేడెక్కడం ఒకే మడుగులో కలిసేది ఇక్కడే. ఈ రెండిటినీ వేర్వేరు శాఖలు, వేర్వేరు గ్రాంట్లతో, వేర్వేరు ఏళ్లలో కొలుస్తూ పోతే ఆ కలయిక ఎవరి కంటా పడదు.

జనమే లేని చోటుకు కూడా మనిషి నీడ పడుతుందని రోజ్ వలయం చూపించింది. మనుఆ దీవులకు తూర్పున ఉన్న చిన్న వలయం అది. గులాబీ రంగు సున్నపు నాచు రాయిలా పేరుకుని దిబ్బను కట్టింది. 1973 నుంచి అభయారణ్యం. 1993 అక్టోబరులో ఒక తైవాన్ చేపల ఓడ నేరుగా దిబ్బ ఎక్కేసింది. లక్ష గ్యాలన్ల డీజిల్ కారిపోయింది. నూనె కొన్నాళ్లకు పోయింది. కానీ ఓడ ఇనుము అక్కడే తుప్పు పట్టింది. నడి సముద్రం నీటిలో ఇనుము చాలా తక్కువ. తుప్పు ఎరువులా పనిచేసి, నల్లటి నీలిఆకుపచ్చ నాచు ఏళ్ల తరబడి దిబ్బను కమ్మేసింది. ముక్క ముక్కగా ఆ ఇనుమును ఏరి, 2007 దాకా తీస్తూనే ఉన్నారు. తీశాక గులాబీ నాచు మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. నూనె కన్నా ఇనుము ఎక్కువ కాలం హాని చేస్తుందని ముందుగా ఎవరు ఊహిస్తారు? ఏళ్ల తరబడి వెళ్లి చూసినవాళ్ల వల్లే అది తెలిసింది. 1991లో వాల్ తుపానుకు పాంగో పాంగో రేవులో తొమ్మిది ఓడలు దిబ్బ మీద పడితే, వాటిని తీయడానికి ఆ దశాబ్దం చివరిదాకా పట్టింది.

కొలత లేకపోతే ఏమవుతుందో 2022లో మనుఆ దీవుల జనం స్వయంగా అనుభవించారు. జులై చివర్లో తాఊ దీవిలో నేల అదరడం మొదలైంది. రోజుకు ఎన్నోసార్లు. కొన్ని అదుర్లకు చప్పుడు కూడా వినిపించింది. ఇవి ఎక్కడి నుంచి? తాఊ అగ్నిపర్వతమే లేస్తోందా, లేక తూర్పున సముద్రం అడుగున ఉన్న వైలులుఉ అగ్నిపర్వతమా? అమెరికన్ సమోవా దీవుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే భూకంపమాపకం అప్పటికి ఒక్కటి కూడా లేదు. దగ్గర్లో ఉన్నది పక్క దేశం రాజధాని ఆపియాలో. హవాయి నుంచి శాస్త్రవేత్తలు ఆగస్టులో పరికరాలు మోసుకొచ్చి పెట్టాక, అదుర్లు తాఊ కిందే పుడుతున్నాయని తేలింది. కొన్ని వారాలకు అవి సద్దుమణిగాయి. ఆ వారాల్లో పిల్లలతో, ముసలివాళ్లతో, చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో, మూటాముల్లె సర్దుకోవాలో వద్దో తెలియక జనం గడిపారు. ఒక దేశం తన జెండా కింద ఉన్న మనుషులకు ఇవ్వాల్సిన కనీస భద్రత అది. 120 ఏళ్ల తర్వాత, భయం మొదలయ్యాక గానీ అందలేదు.

వైలులుఉ సంగతి చూస్తే ఆ భయం ఉత్తది కాదని తెలుస్తుంది. 1975లో కనుగొన్న ఈ సముద్ర పర్వతం నోటి లోపల, 2001కీ 2005కీ మధ్య, 300 మీటర్ల ఎత్తున్న కొత్త శిఖరం పుట్టింది. దానికి సమోవా యుద్ధ దేవత నఫనువా పేరు పెట్టారు. శిఖరం మీద పాముచేపలు గుంపులుగా తిరుగుతుంటే, కింద గుంటలో విషవాయువుల నీటికి చచ్చిన చేపలు పడి ఉన్నాయి. ఇంత పెద్ద మార్పు జరుగుతున్నప్పుడు చూసినవాళ్లు లేరు. ఓడ మళ్లీ వచ్చేసరికి శిఖరం సిద్ధంగా ఉంది.

ఇక లోతు సముద్రం. 2017లోనూ, 2019లోనూ పరిశోధన ఓడలు వచ్చి, కెమెరా ఉన్న యంత్రాలను దింపి, కొన్ని చోట్ల అడుగును చూశాయి. ఇంత సముద్రంలో అవి చూసింది గోరంత. ఈలోగా మాంగనీసు, నికెల్, కోబాల్ట్ ఉన్న గడ్డల కోసం కంపెనీల చూపు ఇటు పడింది. 2024లో అప్పటి గవర్నర్ లెమాను మౌగా సముద్రగర్భ తవ్వకాలపై తాత్కాలిక నిషేధం ప్రకటించారు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం మాత్రం ఈ దీవుల చుట్టూ ఖనిజాల లీజు దిశగా పని మొదలుపెట్టింది. దీవుల నాయకత్వం అభ్యంతరం చెబుతోంది. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది. గడ్డ ఒకటి కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది, దాని మీద అతుక్కునే జీవాలకు వేరే గట్టి చోటు లేదు. తవ్వినప్పుడు లేచే బురద ఎంత దూరం పోతుందో, ట్యూనా తిరిగే నీటి పొరల్లోకి వస్తుందో లేదో ఇక్కడ కొలిచినవాళ్లు లేరు. ఏముందో రాసుకోని చోట ఏం పోయిందో రేపు ఎవరు నిరూపించగలరు? ముందు కనీసం కొన్నేళ్ల లెక్క ఉండాలి, ఆ తర్వాతే లీజు మాట.

ట్యూనా విషయం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి 2009లో, సునామీ వచ్చిన రోజుల్లోనే మూతపడింది. దాదాపు 2 వేల ఉద్యోగాలు పోయాయి. మిగిలిన ఒక్కటే ప్రైవేటు రంగంలో అతిపెద్ద ఉపాధి. రేవును మురికి చేసిందీ చేపే, దీవికి అన్నం పెడుతున్నదీ చేపే. కాబట్టి వేడెక్కుతున్న సముద్రంలో ట్యూనా గుంపులు ఎటు జరుగుతాయన్న ప్రశ్న ఇక్కడ వేల ఇళ్ల జీతం ప్రశ్న. అలియా అని పిలిచే రెండు దోనెలను జంటగా కలిపినట్టుండే పడవల్లో వేటాడే స్థానికుల కోసం 2002లో తీరానికి దగ్గరి నీటిలో పెద్ద ఓడలను నిషేధించారు. 2016లో దాన్ని సడలిస్తే దీవుల ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1900, 1904 నాటి పత్రాల్లో తమ ఆచారాలను కాపాడతామన్న మాట ఉందని వాదించింది.

ఆ ఆచారాల్లోనే ఒక కొలమానం దాగి ఉంది. ఏటా అక్టోబరులోనో నవంబరులోనో, పౌర్ణమి వెళ్లిన ఏడో రోజు దాటాక, అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోగా జనం లాంతర్లు, వలలు పట్టుకుని దిబ్బ మీదికి నడుస్తారు. పగడపు సందుల్లో బతికే పలోలో అనే పురుగు తన తోక భాగాన్ని తెంచి పైకి వదిలే వేళ అది. గుడ్లతో, వీర్యంతో నిండిన నీలం, గోధుమ రంగు దారాల్లాంటి ముక్కలు లక్షల్లో నీటి మీద తేలుతాయి. తెల్లారితే కరిగిపోతాయి. ఆలోపు వలతో తోడుకోవాలి. మోసోఓయి పూలు పూసి వాసన వచ్చిందంటే రోజు దగ్గర పడిందని పెద్దలు చెబుతారు. ఏ ఏడు ఏ ఊరి ముందు ఎంత పలోలో లేచింది, ఏ ఏడు లేవలేదు అనేది ఆ ఊరి ముసలివాళ్లకు గుర్తుంటుంది. దిబ్బ లోపల ప్రాణం ఉందా లేదా అనేదానికి అంతకన్నా పాత రికార్డు ఎక్కడా దొరకదు. దాన్ని ఓపిగ్గా కూర్చుని రాసుకుంటే శాస్త్రానికి లాభం.

ఊరి ముందున్న దిబ్బ ఊరిది అనే భావన కూడా బలంగా ఉంది. పల్లె పెద్దలే కొన్నాళ్లు వేట మూసేసి, మళ్లీ తెరిచే పద్ధతి ప్రభుత్వ తోడుతో నడుస్తోంది. రాత్రిపూట గాలి సిలిండర్లు కట్టుకుని, నిద్రపోతున్న చిలుక చేపలను ఈటెలతో కొట్టడం పెరిగినప్పుడు, 2001లో సిలిండర్ల వేటనే నిషేధించారు. 1986లో ఫాంగటెలే అనే చిన్న అఖాతంతో మొదలైన సముద్ర అభయారణ్యం 2012లో 13 వేల చదరపు మైళ్లకు పైగా విస్తరించింది. హద్దు గీయడం అయిపోయింది. లోపల ఏముందో, ఏం మారుతోందో చూసే కళ్లు చాలడం లేదు.

ఆ కళ్లు ఓడలో వచ్చి మూడు వారాలకు వెళ్లిపోయేవి అయితే సరిపోవు. తుపాను వచ్చేది, వాగు పొంగేది, దిబ్బ తెల్లబారేది ఓడ లేని రోజుల్లోనే. దీవుల్లో ఉన్నది ఒక్కటే కాలేజీ. అందులో సముద్రశాస్త్రం చెబుతారు. పై చదువుకు హవాయికో, అమెరికా ప్రధాన భూభాగానికో పోవాలి. పోయినవాళ్లలో ఎంతోమంది అక్కడే స్థిరపడతారు, పదేళ్లలో జనాభా ఎందుకు తగ్గిందో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. తిరిగి వచ్చి, ఇక్కడే జీతం తీసుకుని, 20 ఏళ్లు అదే వాగు, అదే మడుగు, అదే గీత చూసే పది మంది ఉద్యోగాలకు అయ్యే ఖర్చు ఒక పెద్ద పరిశోధన యాత్ర ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు. గ్రాంట్లు మాత్రం మూడేళ్లకు వస్తాయి, మూడేళ్లకు ఆగిపోతాయి.

తాఊ దీవి దగ్గర సముద్రంలో పోరైటిస్ జాతి పగడం ఒకటి గుట్టలాగా ఉంది. 2020లో దాన్ని కొలిచి రాశారు: ఎత్తు 8 మీటర్లు, చుట్టుకొలత 69 మీటర్లు, వయసు 420 నుంచి 650 ఏళ్ల మధ్య. గోల్కొండలో కుతుబ్‌షాహీలు ఉన్న కాలానికే అది అక్కడ పెరుగుతోంది. ఈ జాతి పగడం చెట్టు వలయాల్లాగా ఏటా ఒక సున్నపు పొర వేస్తుంది. ఆ పొరలో ఆ ఏటి నీటి వేడి ఎంతో చదవవచ్చు. 1948కి ముందు ఇక్కడ టైడ్ గేజ్ లేదు, 1917కి ముందు పగడాల లెక్క లేదు. ఇలాంటి గుట్టలు మాత్రం వందల ఏళ్లుగా రాసుకుంటూనే ఉన్నాయి. ఇప్పటి సంగతి రాయడానికి బొటనవేలంత ఉష్ణమాపకం సరిపోతుంది. దాన్ని నీటి అడుగున రాయికి కట్టి వదిలేస్తే నెలల తరబడి గంట గంటకూ వేడిని నమోదు చేస్తుంది. బ్యాటరీ అయిపోయేలోగా ఎవరో ఒకరు దిగి, దాని మీద పట్టిన నాచు గీకి, లెక్క తీసుకుని, కొత్తది కట్టి రావాలి. ఆరు నెలలకోసారి, వాన ఉన్నా, అల ఉన్నా. ఆ మనిషి ఇల్లు అక్కడి ఊళ్లోనే ఉండాలి.